అర సీసీ నీళ్లు

ఉప్పెన వచ్చిన ఏడాది దివిసీమ కలరా క్యాంపులో ఉన్నప్పుడు మా హెల్త్ సూపర్వైజరు గారి జబ్బకు నేను వేసిన ఇంజెక్షన్లో టీకా మందు లేదు. అర సీసీ డిస్టిల్డ్ వాటరు ఉంది. పొరపాటున జరిగింది కాదు, తెలిసే ఎక్కించాను. ఈ మాట అమ్మకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో ఆ పూట "మధ్యాహ్నం సారుకి సూది వేశాను" అని ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. నా డైరీకి నేను అబద్ధం చెప్పింది ఆ ఒక్క రోజే.

నేను మాట్లాడే మనిషిని కాను. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, నాన్న మిషను బడిలో టీచరు. బందరులో నర్సు ట్రైనింగు చేసిన మూడేళ్లూ హాస్టల్లో నా గొంతు విన్నవాళ్లు తక్కువ. ట్రంకు పెట్టెలో చీరల అడుగున లైబ్రరీ పుస్తకాలు దాచుకుని, అందరూ సినిమాకు వెళ్లిన ఆదివారాల్లో చదువుకునేదాన్ని. ఉద్యోగంలో చేరిన ఆరో నెలకే ఉప్పెన వచ్చింది. ఇరవై రోజులు తిరక్కుండా కలరా అందుకుంది. బందరు నుంచి బ్యాచీలు బ్యాచీలుగా మమ్మల్ని దివిసీమకు పంపారు.

వెళ్లే ముందు ఆఫీసు వరండాలో స్టాఫందరికీ కలరా టీకాలు వేసే పని నాకు పడింది. ఆ మందు వేయించుకున్నవాళ్లకి తెలుస్తుంది, రెండు రోజులు చెయ్యి లేవదు, ఒళ్లు కాలిపోతుంది. సూపర్వైజరు గారు పక్కన కుర్చీలో కూర్చుని, వేయించుకున్న వాళ్లందరి చేతా రిజిస్టర్లో సంతకాలు పెట్టించారు. వరసలో మా సీనియర్ నర్సు ఒకామె వచ్చింది. బందరు సాయిబుల అమ్మాయి, నాకన్నా పదేళ్లు పెద్ద, వాళ్ల నాన్నది అద్దకం పని. వాళ్లింట్లో పిల్లలు అక్కని పిలిచినట్టే నేనూ ఆమెను "ఆపా" అనేదాన్ని.

"మెల్లిగా పిల్లా! నేనేమన్నా గేదెననుకున్నావా?" అని అరిచింది. వరండా అంతా నవ్వింది.

"అయిపోయింది ఆపా."

"అయిపోయిందా? నా చెయ్యే అయిపోయింది. రేపు రొట్టెలు నువ్వొచ్చి చేస్తావా మా ఇంట్లో?"

ఆపా సంతకం పెట్టింది. చివర్లో సూపర్వైజరు గారు కూడా తన పేరు రాసుకుని సంతకం పెట్టుకున్నారు. ఆయనకు నేను వేయలేదు. ఇంట్లో ఎవరి చేతైనా వేయించుకుని ఉంటారులే అనుకున్నాను. అడిగేంత గొంతు నాకెక్కడిది.

మా క్యాంపు కోడూరు దాటాక పాలకాయతిప్ప వెళ్లే దారిలో ఒక ఊరి బడిలో. పైకప్పు సగమే మిగిలింది. చుట్టూ తాటిచెట్లు తలకాయలు లేకుండా నిలబడి ఉండేవి. పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. రోజంతా బ్లీచింగు వాసన. లేవలేని రోగుల కోసం నులక మంచాల నడుమ తాళ్లు కోసి, కన్నం కింద బకెట్లు పెట్టాం. సెలైను సీసాలు దూలానికి కట్టిన తాడుకి వేలాడేవి. మేం ముగ్గురం, నేను, ఆపా, గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు కాంపౌండరు. ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. డాక్టరుగారు మూడు క్యాంపులకు ఒక్కరే, రోజు విడిచి రోజు వచ్చేవారు.

భయం ఎలా ఉండేదో చెప్తాను. రోగుల దగ్గర ఉన్నంతసేపూ భయం లేదు, చేతులకు పని ఉండేది. తెల్లవారాక మొదలయ్యేది. చెంబు పట్టుకుని గట్టు వైపు ఎవరు ఎన్నిసార్లు వెళ్తున్నారో ముగ్గురం ఒకరినొకరం లెక్కపెట్టుకునేవాళ్లం. ఒక్కసారైతే సరే. రెండోసారి వెళ్తే మిగతా ఇద్దరం పని ఆపేసి చూసేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు ఆ మనిషి చెంబు ఊపుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ రావాలి, ఏం లేదని చెప్పడానికి. బాబాయ్ అయితే దూరం నుంచే "మామూలే, మామూలే!" అని కేకేసేవాడు. పొటాషియం పర్మాంగనేటు నీళ్లలో కడిగి కడిగి మా గోళ్లు బెల్లం రంగుకి తిరిగాయి. అన్నం ముందు కూర్చుంటే, ఆకలి వేస్తోందా, కడుపు తిప్పుతోందా తేలేది కాదు.

సూపర్వైజరు గారు రోజూ జీపులో వచ్చేవారు. బడి దాకా ఎప్పుడూ రాలేదు. రోడ్డు మీదే ఆపి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దిగకుండానే లెక్కలు అడిగేవారు. కాగితాలు డ్రైవరు తెచ్చి ఇచ్చేవాడు. మేం సంతకాలు పెట్టి ఇస్తే వాటిని ఎండలో బానెట్టు మీద కాసేపు పరిచి ఉంచాకే ముట్టుకునేవారు.

"ఆయనకి మనం కూడా రోగులమే అమ్మా," అనేవాడు బాబాయ్.

"రోగులే నయం బాబాయ్. వాళ్లని రిపోర్టులో అయినా రాస్తాడు," అనేది ఆపా.

ఒక రోజు పొద్దున ఆపా మూడోసారి వెళ్లి చెంబు ఊపుకుంటూనే వచ్చింది. కూనిరాగం కూడా తీసింది. అది మూడోసారి కాదనీ, చీకటి ఉండగానే రెండుసార్లు మాకు తెలియకుండా వెళ్లొచ్చిందనీ తర్వాత తెలిసింది. మా చూపులకి భయపడి దాచింది. పది గంటలకి పిక్కలు పట్టేశాయి. కళ్లు లోపలికి పోయాయి. గొంతు గాలిలా వచ్చింది. సెలైను సీసాలు ముందు రోజు సాయంత్రమే అయిపోయాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగిస్తే తాగినవి తాగినట్టే కక్కేసింది.

అప్పుడు రోడ్డు మీద జీపు ఆగింది. నేను పరిగెత్తాను. జీవితంలో మొదటిసారి కేకలు పెట్టాను.

"సార్, ఆపాకి వచ్చింది సార్! జీపులో అవనిగడ్డ తీసుకెళ్లండి సార్!"

ఆయన రుమాలు ఇంకా గట్టిగా అదుముకున్నారు. "దూరంగా నిలబడి మాట్లాడమ్మా. సీసాలు రేపొస్తాయి."

"రేపటిదాకా ఉండదు సార్. గంటలో వెళ్లిపోవచ్చు జీపులో."

"ఈ జీపులో నేను కూర్చోవాలా వద్దా? నాకు పిల్లలున్నారు. ఊళ్లో బండి కట్టించుకోండి." డ్రైవరు నా వైపు చూశాడు. "నన్ను చూస్తావేం? పోనియ్!" అన్నారు ఆయన.

జీపు వెళ్లిపోయింది. దాని వెనక దుమ్ములో కాసేపు నిలబడ్డాను. ఆ కాసేపూ వృథా చేసినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఊళ్లో బతికిన ఎడ్లు రెండే జతలు. బండి దొరికేసరికి పదకొండు దాటింది. రోడ్డంతా గుంటలు. నేను ఆపా తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోస్తున్నాను. కోడూరు దాటాక ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"నాకు సూది వేసింది నువ్వే కదా?"

"నేనే ఆపా."

"సరిగ్గా వేశావా పిల్లా?"

"వేశాను ఆపా. ఒట్టు. సరిగ్గానే వేశాను."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. అవనిగడ్డ ఇంకా రెండు మైళ్లుందనగా బండి తోలే అతను వెనక్కి తిరిగి చూసి ఎడ్లను నిలిపేశాడు.

ఆపా చావు మీద సూపర్వైజరు గారు రిపోర్టు రాశారు. మర్నాడు రోడ్డు మీద నిలబడి బాబాయ్ దాన్ని పైకి చదివాడు. "మృతురాలు కలరా టీకా వేయించుకొనలేదు. శుభ్రత పాటించనందున వ్యాధి సోకినది."

"సార్, ఆవిడ వేయించుకుంది కదండీ. ఈ అమ్మాయే వేసింది," అన్నాడు బాబాయ్.

"నాకు తెలుసయ్యా. వేయించుకున్నా పోయిందని రాస్తే రేపు ఈ ఊళ్లల్లో ఒక్కడు చెయ్యి చాపుతాడా టీకాకి? ఆ మందు కొందరికి పట్టదు. అది వీళ్లకెవడు చెప్పగలడు? పోయిన మనిషికి ఇప్పుడు కొత్తగా వచ్చే నష్టం ఏంటి?"

ఆ మాటలో న్యాయం ఉందేమోనని ఒక్క క్షణం అనిపించింది. అందుకే ఆయన మీద కోపం ఇంకా పెరిగింది. ఆపా పెట్టె తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చిన రోజున ఆ న్యాయం కాస్తా పోయింది. ఆయన వేళ్లు అద్దకం రంగులతో నల్లగా ఉన్నాయి. పెట్టె పక్కన గొంతుక్కూర్చుని నన్ను అడిగాడు.

"మా వీధిలో అందరూ అంటున్నారమ్మా, నర్సై ఉండి కూడా సూది వేయించుకోలేదంట, చేతులారా ప్రాణం తీసుకుందంట అని. నా బిడ్డ అంత తెలివితక్కువదామ్మా?"

రోడ్డు మీద జీపు ఉంది. జీపులో ఆయన ఉన్నారు. ఉద్యోగం వచ్చి ఆరు నెలలు. ఆ పెద్దాయన నా మౌనాన్ని జవాబు అనుకుని పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం డైరీలో ఒక పేజీ నిండా ఒకే వాక్యం రాశాను. దాన్ని ఇక్కడ రాయను. నాన్న చదివితే తట్టుకోలేడు.

రెండు రోజుల తర్వాత, అన్నాల వేళ దాటాక, సూపర్వైజరు గారు నన్ను జీపు దగ్గరకు రమ్మన్నారు. డ్రైవర్ని టీకి పంపేశారు. క్యాంపుకొచ్చాక మొదటిసారి ఆయన ముఖాన్ని రుమాలు లేకుండా దగ్గరగా చూశాను. నిద్రలేని కళ్లు, ఎండిన పెదాలు.

"అమ్మాయ్, బందర్లో నేను సంతకం అయితే పెట్టాను గానీ..." ఆగారు. "జ్వరం వస్తుందంటే భయమేసి వాయిదా వేశాను. ఇప్పుడు అందరి ముందూ వేయించుకుంటే బాగోదు. నువ్వు ఎవరితోనూ మాట్లాడే పిల్లవి కాదు. అందుకే నిన్ను పిలిచాను."

"అలాగే సార్," అన్నాను.

లోపలికి వెళ్లాను. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో టీకా బుడ్లు ఉన్నాయి. పక్కనే పెన్సిలిన్ పొడి కలపడానికి పెట్టుకున్న డిస్టిల్డ్ వాటరు ఆంప్యూల్స్ ఉన్నాయి. వేయించుకున్న మనిషిని వేయించుకోలేదని రాశాడు. వేయించుకోని మనిషి వేయించుకున్నానని సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని అలాగే అబద్ధంగా ఉంచితే చాలు అనుకున్నాను. ఆంప్యూలు మెడ విరిచి నీళ్లు లాగి, బుడగలు కొట్టి, దూదికి స్పిరిట్ అద్దుకుని వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని చొక్కా చెయ్యి పైకి లాక్కున్నారు. ఎక్కించాను.

మర్నాడు జీపు బడి వాకిలి దాకా వచ్చి ఆగింది.

"అమ్మాయ్! నీ చెయ్యి ఎంత చల్లనిదమ్మా! నొప్పీ లేదు, జ్వరమూ లేదు!" గుసగుసగా చెప్పి, చెయ్యి పైకెత్తి తిప్పి చూపించారు. అప్పుడు నవ్వు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

ఆ రోజు నుంచి ఆయన మారిపోయారు. రుమాలు జేబులోకి పోయింది. లోపలికి వచ్చి మంచాల మధ్య తిరిగారు. సీసాలు ఆలస్యమైతే తానే వెళ్లి పోట్లాడి తెచ్చారు. నాలుగో రోజున ఒక జాలరి ముసలమ్మను తన చేతులతో ఎత్తి జీపు వెనక సీట్లో పడుకోబెట్టి అవనిగడ్డ తీసుకెళ్లారు. ముసలమ్మ బతికింది. ఆమె తర్వాత ఇంకొందరు కూడా.

"సారుకి ఏదో దయ్యం పట్టిందే!" అన్నాడు బాబాయ్.

"మంచి దయ్యమే అయ్యుంటుంది," అన్నాడు డ్రైవరు. "జీపు కడగలేక చస్తున్నాను నేను."

నాకు ఒళ్లు మండిపోయేది. అదే జీపు, అదే వెనక సీటు. నేను ఎక్కించిన నీళ్ల ధైర్యంతో ఆయన ఊళ్లో దేవుడైపోతున్నాడు. కాబట్టి నేను ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను. రోగిని ముట్టుకున్నాక చేతులు కడుక్కున్నారా లేదా చూసేదాన్ని. కడుక్కోకపోతే డైరీలో రాసుకునేదాన్ని. "ఈ రోజు కడుక్కోలేదు." "ఈ రోజు కడుక్కోకుండానే అరటిపండు తిన్నారు." ఒకసారి ఆ ముసలమ్మ ఇంటివాళ్లు కుండలో నీళ్లు ముంచి ఇచ్చారు. బావి మీద నమ్మకం లేని ఊరది. కాచిన నీళ్ల సీసా నా సంచిలోనే ఉంది. ఆయన గ్లాసు ఎత్తి గటగటా తాగారు. నేను సంచి మూతి బిగించి పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అది కూడా నా లెక్కలోనే వేసుకోండి.

ఆ నీళ్లు తాగిన మూడో రోజు పొద్దున ఆయన వాకిట్లో జీపు దిగి, దిగిన వెంటనే గట్టు వైపు వెళ్లారు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని మళ్లీ లేచారు. నేను లెక్కపెట్టాను. నాలుగోసారికి చెంబు ఆయన చేతిలోంచి జారిపోయింది. బాబాయ్ పరిగెత్తి పట్టుకుని లోపలికి తెచ్చాడు.

"సార్, డ్రిప్పు పెట్టేద్దామండీ."

"గ్యాసయ్యా, గ్యాసు. రాత్రి తిన్న చేపల పులుసు పడలేదు." ఆయన ఆ కన్నం మంచాన్ని చూసి తల అడ్డంగా ఊపారు. "దాని మీద నన్ను పడుకోబెట్టకండి. నాకు కలరా ఎలా వస్తుంది? సూది వేయించుకున్నాను కదా! అడుగు ఈ పిల్లని."

ఇది నేను ముందు అనుకున్నది కాదు. జబ్బు వస్తుందనుకున్నాను గానీ, వచ్చిన జబ్బును నా నీళ్ల మీద నమ్మకంతో రాలేదంటాడనుకోలేదు. బాబాయ్ రెండుసార్లు చెయ్యి పట్టుకుంటే రెండుసార్లూ విదిలించుకున్నారు. అలా ఇంకో గంట గడిస్తే ఆయన ఆపా వెళ్లిన చోటికే వెళ్తారు. వెళ్లనియ్యనా? నిజం చెప్పాలంటే, వెళ్లనిద్దామనే అనుకున్నాను. కాకపోతే ఆయన పోతే ఆ రిపోర్టు అలాగే ఉండిపోతుంది. దాన్ని దిద్దగలిగిన చెయ్యి లోకంలో ఒక్కటే ఉంది.

సూదులు మరగబెట్టడానికి బాబాయ్ స్టవ్వు దగ్గరకు వెళ్లాడు. మరిగినవి అప్పటికే రెండు నా ట్రేలో ఉన్నాయి. ఆ సంగతి బాబాయ్ తో చెప్పలేదు. సారు ఒరిగిన చాప పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఆపా కూడా సూది వేయించుకుంది సార్. నేనే వేశాను. మీ ముందే. అయినా వచ్చింది."

ఆయన నా వైపు చూశారు. కళ్లలో మెల్లగా అర్థమైంది. చెయ్యి విదిలించడం ఆపేశారు.

"అయితే... నాకూ అదేనా?"

"అదే సార్."

"పెట్టమ్మా. డ్రిప్పు పెట్టు. తొందరగా పెట్టు."

నా నోటుబుక్కులోంచి కాగితం చింపి అట్ట మీద పెట్టి ఆయన పొట్ట మీద ఉంచాను. పెన్ను మూత తీసి ఇచ్చాను.

"ముందు రాయండి సార్. ఆవిడ టీకా వేయించుకుందని, మీ కళ్లతో చూశారని. జీపు అడిగితే ఇవ్వలేదని."

"అమ్మాయ్, నాకు పిల్లలు..."

"ఆవిడకు నాన్న ఉన్నాడు సార్. రాయండి."

"ముందు సూది పెట్టు తల్లీ, తర్వాత..."

"ముందు రాయండి."

అంతసేపూ ఆయన నాడి నా వేలి కిందే ఉంది. దారంలా సన్నబడుతోంది. ఎంతసేపు ఆగగలనో నాకు తెలుసు. నర్సును కదా. ఆ తెలివిని అలా వాడినందుకు సిగ్గుపడాలంటారు. నేను సిగ్గుపడలేదు. నా జీవితంలో నేను సిగ్గుపడని పావుగంట ఏదైనా ఉందంటే అదే.

రాశారు. అక్షరాలు పక్కకు ఒరిగిపోయాయి గానీ చదవడానికి వస్తాయి. సంతకం పెట్టారు. కాగితం నా జాకెట్లో పెట్టుకుని, మొదటి పోటుకే నరం దొరికించుకుని సూది పెట్టాను. రెండు సీసాలు ఎక్కేసరికి నాడి మళ్లీ వేళ్లకు తగిలింది. ఆయన బతికారు. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, దాని కోసం ఎవరూ ఎదురు చూడక్కర్లేదు. బందరు వెళ్లాక ఆ కాగితాన్ని ఆపా వాళ్ల నాన్న చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని వీధి అరుగు మీద నలుగురి ముందూ రెండుసార్లు చదివించుకున్నాడు. ఆఫీసుకు ఇంకో ప్రతి పంపాను. దానికి జవాబు రాలేదు. సారు సెలవు పెట్టి, సెలవులోనే గుడివాడకు బదిలీ చేయించుకున్నారు. ఒకసారి ఆ బస్టాండులో చూశాను. నన్ను చూసి ఆయన ఇంకో బస్సు ఎక్కేశారు.

నీళ్ల సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు తేలికపడాలని లేదు.

ఆ కాగితం రాయించిన రోజు మధ్యాహ్నం ఆయన్ని అవనిగడ్డ పంపడానికి జీపు వెనక సీటు తీసేసి పరుపు వేశాం. బాబాయ్, డ్రైవరూ ఆయన్ని ఎత్తి పడుకోబెట్టారు. దారిలో ఎవరైనా సీసా ఎత్తి పట్టుకోవాలి. అది నర్సు పని. నేను సీసా పట్టుకుని ఒక కాలు జీపులో పెట్టాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. ఆ చూపు నాకు తెలుసు. తెల్లవారాక గట్టు వైపు చూస్తూ నెల రోజులు మా ముగ్గురి ముఖాల మీదా ఉన్న చూపే అది. పరుపు మీద ఆ కాస్త చోటులోనే వెనక్కి జరగడానికి చూశారు.

"నువ్వొద్దమ్మా. ఆ సీసా మీ బాబాయ్‌కివ్వు. నువ్వు మాత్రం నాతో రావద్దు."